సోమవారం మాత్రం వద్దు: ఏక్తా నగర్ ప్రయాణంపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గుజరాత్‌లోని ఏక్తా నగర్ గురించే. మొన్నమొన్నటి దాకా దాని పేరు కేవడియా. నర్మదా నదిలో సాధు బేట్ అనే గుట్ట మీద సర్దార్ పటేల్ విగ్రహం (స్టాచ్యూ ఆఫ్ యూనిటీ, పొట్టిగా ఎస్‌ఓయూ) నిలబెట్టారు. దాని చుట్టూ మ్యూజియం, డ్యాం, పూల తోటలు, జంతువుల పార్కు, కాక్టస్‌ల గాజు ఇల్లు, పోషకాహార రైలు, అద్దాల చిక్కుదారి, చివరికి ఒక డైనోసార్ కూడా వచ్చి చేరాయి. ఏది చూడాలి, ఏది వదిలేయాలి అన్నదే అందరి సందేహం. సెలవుల టికెట్లు తీసుకునే రోజులు కాబట్టి ఈ సంచిక మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్ర: విజయవాడ నుంచి ఎలా వెళ్ళాలి? అహ్మదాబాద్‌లో దిగాలా, వడోదరలోనా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, పటమట

జ: వడోదరలో దిగండి. అహ్మదాబాద్ దాకా పోతే వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి రావాలి. చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ రోజూ విజయవాడ మీదుగా పోతుంది. వరంగల్, బల్హార్షా, భుసావళ్, సూరత్ దాటి వడోదర చేరడానికి దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది. మన దగ్గర సాయంత్రం పూట ఎక్కితే మర్నాటి సాయంత్రానికి దిగుతారు. గుంటూరు వాళ్ళు విజయవాడ వచ్చి ఎక్కడమే తేలిక. ఆ రాత్రి వడోదరలో పడుకుని తెల్లవారుజామున బయల్దేరండి. రోడ్డు మీద సుమారు 90 కిలోమీటర్లు, రెండు గంటల దారి. ఏక్తా నగర్‌కు సొంత రైల్వే స్టేషన్ కూడా ఉంది, 2021 జనవరిలో మొదలైంది. వడోదర పక్కనే ఉన్న ప్రతాప్‌నగర్ నుంచి మెము బండ్లు అక్కడికి వెళ్తాయి. వాటి వేళలు మీ ప్లానుకు కుదిరితే మంచిదే, కుదరకపోతే వాటి కోసం పొద్దు పోగొట్టుకోకండి.

చాలామంది దెబ్బతినేది రోజు ఎంచుకోవడంలో. విగ్రహానికి, చుట్టుపక్కల చాలావాటికి సోమవారం సెలవు. మనవాళ్ళు అలవాటుగా శనివారం బండెక్కి ఆదివారం సాయంత్రం వడోదరలో దిగుతారు. తెల్లారితే సోమవారం, గేటుకు తాళం. ఆదివారం ఎక్కండి. సోమవారం సాయంత్రం దిగితే మంగళ, బుధవారాలు రెండూ చేతిలో ఉంటాయి, శని ఆదివారాల జనం కూడా ఉండరు. రెండు పగళ్ళు, ఒక రాత్రి సరిపోతాయి. ఒక్క రోజులో కూడా అవుతుంది కానీ ఇంటికొచ్చాక బస్సులూ క్యూలూ తప్ప ఏవీ గుర్తుండవు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి పాత 120 రోజుల లెక్క మరిచిపోండి.

నెలల సంగతికొస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వర్షాలు బాగా పడి డ్యాం నిండిన ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో గేట్లెత్తినప్పుడు చూడాలి, అదొక వేరే అందం. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. విజయవాడ ఎండ తట్టుకున్నవాళ్ళకు అదో లెక్కా అనిపించొచ్చు. అక్కడ నడక ఎక్కువ, నీడ తక్కువ. అక్టోబర్ 31 పటేల్ జయంతి. ఆ రోజు, దాని చుట్టుపక్కల రోజుల్లో పరేడ్ కోసం ఆంక్షలు పెడతారు, ఆ వారం వదిలేయండి.

ప్ర: పైన గ్యాలరీ దాకా వెళ్ళే టికెట్‌కు అంత డబ్బు పెట్టడం దండగేనా?
– బ్రాడీపేట, గుంటూరు

జ: దండగ అనలేం. అయితే దేనికి డబ్బు పెడుతున్నారో తెలిసి పెట్టండి. మామూలు ప్రవేశ టికెట్‌తో పాదాల దగ్గరి వేదిక, కింద మ్యూజియం, పూల లోయ, డ్యాం కనిపించే చోటు చూడొచ్చు. గ్యాలరీ టికెట్‌కు వీటితో పాటు లిఫ్టులో విగ్రహం ఛాతీ ఎత్తుకు తీసుకెళ్తారు. ఒకేసారి 200 మంది దాకా పడతారు. ఎక్స్‌ప్రెస్ అని ఇంకా ఖరీదైనది ఉంది, అది క్యూ తప్పించుకోవడానికే తప్ప అదనంగా చూపించేదేమీ లేదు. మంగళవారం వెళ్తే దాని అవసరం రాదు.

గ్యాలరీలో ఒక చిక్కుంది. అక్కడ మీరు విగ్రహం లోపల ఉంటారు, కాబట్టి విగ్రహం కనపడదు. కంచు పలకల మధ్య జాలీ సందుల్లోంచి బయటికి చూడాలి. ఫోన్‌తో ఫొటో తీస్తే సగం జాలీయే పడుతుంది. లెన్సును సందుకు ఆనించి తీస్తే కాస్త నయం. కనిపించేవి సర్దార్ సరోవర్ డ్యాం, నది మలుపు, వింధ్య, సాత్పురా కొండలు. ఆకాశం తేటగా ఉన్న రోజున బాగుంటుంది. మబ్బు పట్టిన రోజున తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు, డబ్బులు మాత్రం తిరిగివ్వరు.

పాదాల దగ్గర గడిపే అరగంటే మాకు విలువైనదిగా తోస్తుంది. దూరం నుంచి ఒకే ముద్దగా పోతపోసినట్టు కనిపించే శరీరం దగ్గరికి వెళ్తే పలకలు పలకలుగా విడిపోతుంది. ధోవతి మడతల మీదుగా అతుకు గీతలు నిలువుగా, అడ్డంగా పైకి పోతుంటాయి. చెప్పు పట్టీ పక్కన నిలబడ్డ మనిషి ఎంతవాడో చూశాకే 182 మీటర్ల విగ్రహం అంటే ఏమిటో కంటికి ఆనుతుంది. శిల్పి రామ్ సుతార్. ఇప్పుడు గోధుమ వన్నెలో ఉన్న కంచు దశాబ్దాలు గడిచేకొద్దీ పచ్చబారుతుంది.

గ్యాలరీ టికెట్లు రెండేసి గంటల స్లాట్లుగా అమ్ముతారు. అధికారిక సైటు ఎస్‌ఓయూ టికెట్స్ డాట్ ఇన్. అలాంటి పేర్లతోనే ఇంకొన్ని సైట్లు తిరుగుతుంటాయి, అక్షరం అక్షరం చూసుకోండి. రేట్లు మారుతుంటాయి కాబట్టి బంధువులు చెప్పిన పాత రేటు పట్టుకుని వెళ్ళకండి. ఉదయం మొదటి స్లాటే తీసుకోండి, దీనికి ఇంకో కారణం కూడా ఉంది. విగ్రహం ముఖం డ్యాం వైపు, అంటే తూర్పు దిక్కుకు ఉంటుంది. ఉదయం ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. మూడు దాటాక వెళితే వెనకనుంచి వెలుగు వచ్చి ఫొటోలో ముఖం నల్లగా వస్తుంది, ఆ తర్వాత కెమెరాను తిట్టుకుని లాభం లేదు.

ప్ర: అప్పట్లో మా ఊళ్ళో కూడా పాత నాగలి కర్రులు, కొడవళ్ళు విగ్రహం కోసం సేకరించారు. ఆ ఇనుము ఇప్పుడు విగ్రహంలో ఎక్కడుంది?
– ఒక రైతు, తెనాలి దగ్గర

జ: విగ్రహంలో లేదనే చెప్పాలి. దేశమంతా ఊళ్ళ నుంచి వాడిన వ్యవసాయ పనిముట్ల ఇనుము సేకరించిన మాట నిజమే. మొదట విగ్రహానికే వాడతామన్నారు, తర్వాత ప్రాజెక్టులోని ఇతర భాగాలకు మళ్ళించారు. విగ్రహం పైతొడుగు కంచు, దాని వెనక గూడు ఉక్కు, అన్నిటికన్నా లోపల కాంక్రీటు. అంత ఎత్తు నిర్మాణానికి ఎంత బరువు మోయగలదో ముందే పరీక్షించి లెక్కకట్టిన ఉక్కు కావాలి. రకరకాల పాత ఇనుము కరిగిస్తే ఆ హామీ రాదు. ఊళ్ళ గుర్తు చూడాలనుకుంటే అక్కడే ఐక్యతా గోడ ఉంది. దాన్ని ఊరూరి నుంచి తెచ్చిన మట్టితో కట్టారు. మీ ఊరి మట్టి ఏ మూలన ఉందో చూపించడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ప్ర: పెద్ద గాలి వస్తే ఊగదా? మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడికి అర్థమయ్యేలా చెప్పండి.
– మొగల్రాజపురం, విజయవాడ

జ: ఊగుతుంది, ఊగాలి కూడా. ఏ మాత్రం కదలకుండా బిగుసుకుపోయి ఉండేదైతే పగులుతుంది. ఆ ఊపును హద్దులో ఉంచడమే పని. ఇక్కడి ఇబ్బంది విగ్రహం ఆకారంలోనే ఉంది. మామూలుగా ఎత్తైన కట్టడాలు కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. ఇది మనిషి ఆకారం, అందులోనూ నడుస్తున్న భంగిమ. కింద రెండు కాళ్ళు, వాటి మధ్య 6 మీటర్లకు పైగా ఖాళీ, పైన వెడల్పాటి భుజాలూ శాలువా. గాలి ఎక్కువగా పట్టేది పైన, నిలబెట్టాల్సిన కాళ్ళేమో సన్నం.

అందుకని లోపల రెండు గుండ్రటి కాంక్రీటు స్తంభాలు నిలువునా పైకి లేపారు. లిఫ్టులు పోయేది కూడా వాటిలోనే. పైభాగంలో 250 టన్నుల చొప్పున రెండు డ్యాంపర్లు పెట్టారు. విగ్రహం ఒక వైపు ఒరిగితే డ్యాంపర్ బరువు కాస్త ఆలస్యంగా కదిలి ఎదురు వైపు లాగుతుంది. అలా ఊపులోని శక్తిని మింగేస్తుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి, 6.5 తీవ్రత గల భూకంపానికి తట్టుకునేలా లెక్కలు వేశారు. కట్టింది ఎల్ అండ్ టీ. 2013 అక్టోబర్ 31న శంకుస్థాపన చేసి 2018లో అదే తేదీన ప్రారంభించారు. పీఠంతో కలిపితే ఎత్తు 240 మీటర్లు. మీ అబ్బాయిని మ్యూజియంలో నిర్మాణం గురించి ఉన్న భాగం దగ్గర వదిలేసి మీరు హాయిగా తోటలు చూసుకోవచ్చు.

ప్ర: పిల్లలకు ఆరు, పదేళ్ళు. చరిత్ర అంటే ఆవలిస్తారు. వాళ్ళకు ఏం చూపించాలి?
– అరండల్‌పేట, గుంటూరు

జ: చిల్డ్రన్ న్యూట్రిషన్ పార్కుకు పూర్తిగా సగం రోజు ఇచ్చేయండి. చిన్న రైలు ఎక్కిస్తారు. స్టేషన్ల పేర్లు వినండి: ఫలశాక గృహం, పయోనగరి, అన్నపూర్ణ, పోషణ్ పురం, స్వస్థ భారతం. ఒక్కో స్టేషన్‌లో దిగి ఆడుకోవడమే. పయోనగరి అంటే పాల ఊరు, అక్కడ బొమ్మ ఆవును పితకమంటారు. పొదుగు దగ్గర క్యూ తప్పదు. కూరగాయలు తినమని చెప్పడానికి ఇంత హంగామా చేయాలా అనిపిస్తుంది కానీ పిల్లలకు మాత్రం ఇదే పండగ.

అద్దాల చిక్కుదారి అక్కడే. చిన్నవాడు బెంబేలెత్తకుండా మూడు జాగ్రత్తలు చెబుతాం. అద్దాలు ఒకదానికొకటి కోణంలో పెట్టడం వల్ల ఎటు చూసినా దారి ఉన్నట్టే కనిపిస్తుంది. కాబట్టి ఎదురుగా చూడకుండా కింద చూడండి. అద్దం నేలకు ఆనుకునే చోట సన్నటి అంచు ఉంటుంది, నిజమైన దారిలో అది ఉండదు. ఒక చెయ్యి ముందుకు చాచి నడవండి. పరుగు మాత్రం వద్దు. ముక్కు పగిలేది ఎక్కువగా ‘దారి దొరికేసింది’ అని ఉరికినప్పుడే. అద్దం మీద వేలిముద్రలు కనిపిస్తే సంతోషించండి, మీకంటే ముందు వచ్చినవాళ్ళు వదిలిపోయిన గుర్తులవి.

బయట మొక్కలతో పెంచిన చిక్కుదారి తోట వేరే ఉంది, 2022 అక్టోబర్‌లో తెరిచారు. శ్రీయంత్రం ఆకారంలో మధుకామిని, గోరింట వంటి మొక్కలను గోడల్లా పెంచారు. దారి మొత్తం కలిపితే 2.1 కిలోమీటర్లు. కుడిచెయ్యి ఎప్పుడూ కుడి పక్క కంచెకే ఆనించి నడిస్తే ఎప్పటికో ఒకప్పటికి గేటు దగ్గర తేలతారనేది పాత చిట్కా. నిజమే, బయటపడతారు. మధ్యకు చేరతారన్న పూచీ మాత్రం దానికి లేదు. మధ్యాహ్నం ఎండలో లోపలికి పోతే సరదా పావుగంటలో ఆవిరవుతుంది, సాయంత్రం వెళ్ళండి.

డైనోసార్‌ను చూసి వింత అని కొట్టిపారేయకండి. నర్మద పేరు పెట్టుకున్న డైనోసార్ నిజంగానే ఉంది: రాజాసారస్ నర్మదెన్సిస్. గుజరాత్‌లోనే బాలాసినోర్ దగ్గర రహియోలీలో దొరికిన ఎముకలను బట్టి 2003లో దానికి ఆ పేరు పెట్టారు. మాంసాహారి, నెత్తిన చిన్న కొమ్ములాంటి బొడిపె. ఏక్తా నగర్‌లోని బొమ్మ అసలు జంతువు కంటే బాగా పెద్దది. అసలుది సుమారు 20 నుంచి 25 అడుగుల పొడవే ఉంటుందని అక్కడే పిల్లలకు చెప్పండి, లేకపోతే బడిలో గొప్పలు చెప్పి దొరికిపోతారు.

ప్ర: అమ్మకు మోకాళ్ళ నొప్పులు. తీసుకెళ్ళొచ్చా?
– మంగళగిరి

జ: తీసుకెళ్ళొచ్చు. ప్రధాన ద్వారం నుంచి నది మీది వంతెన దాటి విగ్రహం దాకా వెళ్ళే దారిలో చాలా భాగం కదిలే నడకదారులున్నాయి. పైకి లిఫ్టే. చక్రాల కుర్చీ కావాలంటే లోపల వెతకకుండా గేటు దగ్గరే అడగండి. ఒకచోట నుంచి ఇంకోచోటికి బస్సులు తిప్పుతారు. ఆడవాళ్ళు నడిపే గులాబీ రంగు ఆటోలు కూడా ఉంటాయి. జంగిల్ సఫారీ మాత్రం ఆలోచించి పెట్టుకోండి. 375 ఎకరాలు, కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంది. కింద 29 మీటర్ల ఎత్తులో మొదలై 180 మీటర్ల దాకా ఎక్కుతుంది. బ్యాటరీ బండి దొరుకుతుందా లేదా కనుక్కుని టికెట్ కొనండి. సాయంత్రం విగ్రహం మీద వేసే లేజర్ షోకు కూర్చుని చూడొచ్చు కాబట్టి ఆవిడకు అదే సుఖం. చీకటి పడే వేళను బట్టి షో టైము మారుతుంది.

ప్ర: పటేల్‌కూ మన ప్రాంతానికీ సంబంధం ఉందా? మ్యూజియం చూడబోయే ముందు కాస్త చెప్పండి.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గవర్నరుపేట

జ: బాగా ఉంది, మీ ఇంటి ముందు నుంచే పోయింది. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానం మీద సైనిక చర్య మొదలైనప్పుడు పటేల్ హోం మంత్రి. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఆధ్వర్యంలో షోలాపూర్ వైపు నుంచి బయల్దేరింది. తూర్పు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళాలు కదిలింది బెజవాడ నుంచే, ఇప్పటి హైదరాబాద్ రోడ్డు మీదుగా సూర్యాపేట వైపు. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. ఆనాటికి మునగాల పరగణా చుట్టూ నిజాం నేల ఉన్నా లెక్కకు మన కృష్ణా జిల్లాయే. రాయలసీమలో బనగానపల్లె మామిడికే కాదు, నవాబుల సంస్థానంగా కూడా పేరున్న ఊరు. 1948లోనే అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మొత్తం 562 సంస్థానాలంటారు. మ్యూజియంలో ఆ విలీనాల సంగతి చదివేటప్పుడు ఈ రెండు పేర్లు మనసులో పెట్టుకోండి, గోడ మీది రాతలు వేరుగా తోస్తాయి.

ఆ పక్కనున్న సర్దార్ సరోవర్ డ్యాంకు 1961 ఏప్రిల్ 5న నెహ్రూ పునాదిరాయి వేస్తే, జాతికి అంకితమైంది 2017 సెప్టెంబర్ 17న. పూర్తి నీటిమట్టం 138.68 మీటర్లు, గేట్లు 30. మధ్యలోని యాభై ఆరేళ్ళలో ఎన్ని ఊళ్ళు మునిగాయి, ఎన్ని ఉద్యమాలు జరిగాయి అన్నది కూడా ఈ నేల చరిత్రే. విగ్రహం ప్రారంభమైన రోజున కూడా అక్కడి ఆదివాసులు నిరసన తెలిపారు. వెళ్ళేముందు దాన్ని గురించి కూడా కాస్త చదివి వెళ్ళడం మంచిది.

ప్ర: తిండి సంగతి?
– సత్తెనపల్లి

జ: గుజరాతీ పప్పులో, కూరల్లో బెల్లమో చక్కెరో తగులుతుంది. రెండో పూటకి మన నాలుక మొరాయిస్తుంది. కారప్పొడి, గోంగూర పచ్చడి చిన్న డబ్బాలో పెట్టుకోండి. డబ్బా మూతకు టేపు వేయండి, రైలు కుదుపులకు నూనె కారితే బట్టలు పోతాయి. విగ్రహం లోపలికి తిండి పదార్థాలు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి డబ్బా గదిలోనే ఉంచాలి. ఇంకొకటి, గుజరాత్‌లో మద్య నిషేధం ఉంది. ‘ఒక్క సీసాయే కదా’ అని బ్యాగులో పెట్టుకుపోయే బావగార్లకు ముందే చెప్పండి. పర్మిట్ లేకుండా పట్టుబడితే కేసే.

ప్ర: అంత దూరం వెళ్ళలేం. చరిత్ర, సరదా రెండూ కలిసిన చోటు మన దగ్గర లేదా?
– గాంధీనగర్, విజయవాడ

జ: రెండున్నాయి. బందరు రోడ్డు మీద స్వరాజ్ మైదాన్‌లో అంబేడ్కర్ స్మృతివనం 2024 జనవరి 19న తెరిచారు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, మొత్తం 206 అడుగులు. ఎండ తగ్గాక వెళ్ళండి. వేసవిలో మిట్టమధ్యాహ్నం రాతినేల చెప్పుల్లోంచి కూడా కాలుతుంది. పీఠం లోపల ఆయన జీవితాన్ని చూపించే ప్రదర్శన ఉంది. బయట నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేసేవాళ్ళే ఎక్కువ, మీరు లోపలికి కూడా వెళ్ళండి.

రెండోది స్టేషన్ దగ్గరి గాంధీ కొండ. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలకు గాంధీ వచ్చినప్పుడే పింగళి వెంకయ్య జెండా నమూనా ఆయన చేతికి ఇచ్చారు. ఆ ఊళ్ళో గాంధీ పేరున కొండ మీద 52 అడుగుల స్తూపం కట్టి 1968 అక్టోబర్ 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చేత ఆవిష్కరింపజేశారు. ప్లానెటేరియం, పిల్లల రైలు కూడా అక్కడ పెట్టారు. అయితే ఆ రెండూ నడుస్తున్నాయా లేదా కింద గేటు దగ్గరే అడిగి ఎక్కండి. కొండెక్కాక రైలు లేదంటే పిల్లలను దింపి తీసుకురావడం ఎక్కడం కంటే కష్టం.